గీత లోపలా, గీత కిందా? చిన్న విమానంలో ఎయిర్‌స్పేస్ హద్దులు చూపే తెరల్లో ఏది ఎంచుకోవాలి

వారమంతా సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శనాదివారాల్లో సెస్నా 172. డాలస్ చుట్టుపక్కల అలా విమానం నేర్చుకునే మనవాళ్లు కొనుగోళ్ల దగ్గరికి వచ్చేసరికి అడిగే ప్రశ్న ఒకటే. "ఐప్యాడ్‌లో ఫోర్‌ఫ్లైట్ అనే మ్యాప్ యాప్ ఉంటే సరిపోదా? ప్యానెల్‌లో ఉన్న ఆ జీపీఎస్ డబ్బా కూడా నేర్చుకోవాలా?" లైసెన్స్ వచ్చి పాత విమానం కొనుక్కునే ఆలోచనలో ఉన్నవాళ్లది మరో ప్రశ్న. "ఉన్న జీపీఎస్ పీకించి పెద్ద టచ్‌స్క్రీన్ పెట్టిస్తే పెట్టిన డబ్బుకు ఫలితం ఉంటుందా?"

వాతావరణం, ఇంధనం, ఇన్‌స్ట్రుమెంట్ అప్రోచ్‌ల లెక్కలు వేరు, వాటి జోలికి ఇక్కడ వెళ్లను. ఎయిర్‌స్పేస్ అంటే ఒక్కో రకం నిబంధన వర్తించే ఆకాశపు భాగం. దాని హద్దుల్ని ఏ తెర ఎలా చూపిస్తుందన్న ఒక్క విషయమే చూద్దాం. తెర ఎంత పెద్దది, రంగులెంత బాగున్నాయి అన్నది నాకు రెండో మాట. మ్యాప్ మీద గీత దాటుతున్నప్పుడు నేను దాని లోపల ఉన్నానా, దాని కింద ఉన్నానా? ఇది ఏ తెర త్వరగా చెబుతుందో అదే మంచి తెర.

డాలస్ మీది ఆకాశం

డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం మీద క్లాస్ బి ఎయిర్‌స్పేస్ ఉంది. రేడియోలో "బ్రావో" అంటారు. దాని ఆకారం తలకిందులు చేసిన గోపురం లాంటిది. నేలకు తగిలేచోట చిన్నది, పైకి పోయేకొద్దీ అంతస్తులుగా వెడల్పవుతూ 11,000 అడుగుల దాకా వెళ్తుంది. ఒక్కో అంతస్తును షెల్ఫ్ అంటాం. అడిసన్ లాంటి చిన్న విమానాశ్రయాలు ఆ షెల్ఫ్‌ల కిందే పనిచేస్తాయి. అక్కడ రోజూ ఎగిరేవాళ్లు మ్యాప్ మీద బ్రావో గీతలు ఎన్నో దాటుతారు, అయినా బ్రావోలోకి వెళ్లరు. కిందనుంచి పోతారంతే. లోపలికి వెళ్లాలంటే కంట్రోలర్ నోట "క్లియర్డ్ ఇంటు ద బ్రావో" అన్న మాట వినపడాలి. రేడియోలో పలకరించినంత మాత్రాన చాలదు.

క్లాస్ సి, క్లాస్ డి ఇంత చిక్కుగా ఉండవు. అక్కడ కంట్రోలర్‌తో మాట కలిస్తే, అంటే మన నంబరు పిలిచి బదులిస్తే చాలు. క్లాస్ సి మామూలుగా రెండు వృత్తాలు. 5 నాటికల్ మైళ్ల లోపలి వృత్తం నేలనుంచి మొదలవుతుంది, 10 మైళ్ల బయటి వృత్తం నేలకు 1,200 అడుగుల పైనుంచి. క్లాస్ డి సాధారణంగా నేలనుంచి 2,500 అడుగుల దాకా ఉండే ఒకే డబ్బా. ఇవి కాక మిలిటరీ ఆపరేషన్స్ ఏరియాలు, అంటే ఎమ్‌ఓఏలు, రెస్ట్రిక్టెడ్ ప్రాంతాలు, ప్రొహిబిటెడ్ ప్రాంతాలు ఉన్నాయి. డాలస్‌నుంచి నైరుతికి వెళ్తే బ్రౌన్‌వుడ్ ఎమ్‌ఓఏలు తగులుతాయి. కళ్లతో చూస్తూ ఎగిరే విఎఫ్‌ఆర్ పైలట్‌కి ఎమ్‌ఓఏల్లోకి వెళ్లడానికి అనుమతి అక్కర్లేదు, కానీ జెట్‌లు ఎప్పుడు ఎటునుంచి వస్తాయో చూసుకుంటూ వెళ్లాలి.

పైలట్ల కోసం అమెరికా ప్రభుత్వం వేసే మ్యాప్, అంటే సెక్షనల్ చార్టులో, వీటికి స్థిరమైన రంగులున్నాయి. క్లాస్ బి నీలం నిండు గీత, సి మెజెంటా నిండు గీత, డి నీలం చుక్కగీత. షెల్ఫ్ ఎత్తులు వందల అడుగుల్లో రాస్తారు. పైన 110, కింద 30 ఉంటే 3,000 నుంచి 11,000 అడుగుల దాకా బ్రావో అని అర్థం. ఈ కింది అంకె ఏ తెరమీద ఎంత సులువుగా కనపడుతుందన్నదే మిగతా కథంతా.

చార్టు బొమ్మ, గీసిన మ్యాప్

బ్రాండ్ల కన్నా ముందు ఈ తేడా తెలియాలి. తెరలన్నీ రెండు జాతులు. ఒకటి అచ్చు చార్టునే బొమ్మగా చూపేది, దాన్ని రాస్టర్ అంటారు. రెండోది డేటాబేస్‌లోని హద్దుల్ని అప్పటికప్పుడు గీసి చూపేది, అది వెక్టర్.

రాస్టర్‌లో గొప్పతనం ఏమిటంటే పరీక్షకు చదివిన చార్టు, పరీక్షాధికారి ఎదుట చూపిన చార్టు, ఎగిరేటప్పుడు చూసే చార్టు అన్నీ ఒకటే. ఎత్తు అంకెలు, ఫ్రీక్వెన్సీలు, నేలమీది గుర్తులు అన్నీ దానిమీదే అచ్చయి ఉంటాయి. ఇబ్బందీ అక్కడే. బాగా దగ్గరికి జూమ్ చేస్తే మనమున్న షెల్ఫ్ తాలూకు అంకె తెర బయటికి పోతుంది. చార్టు గీసినవాళ్లు దాన్ని షెల్ఫ్‌లో ఏదో ఒక మూల వేశారు మరి. మనం వెళ్లే దిక్కు పైకి వచ్చేలా మ్యాప్ తిప్పుకుంటే, దక్షిణానికి పోతున్నప్పుడు అక్షరాలన్నీ తలకిందులు. పైగా 2,000 అడుగుల్లో ఉన్నా 9,000 అడుగుల్లో ఉన్నా బొమ్మ మారదు. అన్ని గీతలూ ఒకే గట్టిదనంతో కనపడతాయి.

వెక్టర్‌లో అక్షరాలు ఎప్పుడూ నిటారుగా ఉంటాయి. మన ఎత్తుకు సంబంధం లేని గీతల్ని మసకబార్చే వీలూ ఉంది. విమాన పరికరాల కంపెనీ గార్మిన్ దీన్ని స్మార్ట్ ఎయిర్‌స్పేస్ అంటుంది, ప్యానెల్‌లో బిగించే దాని జీటీఎన్ టచ్‌స్క్రీన్ల వరసలో ఉంది. తలమీద 4,000 అడుగుల్లో మొదలయ్యే షెల్ఫ్ కింద 2,000లో పోతుంటే ఆ గీత వెలిసిపోయి కనపడుతుంది, దగ్గరికి ఎక్కేకొద్దీ ముదురుతుంది. లోపలా, కిందా అన్న ప్రశ్నకు తెర తనంతట తాను జవాబు చెప్పడమంటే ఇదే. బ్రావో పక్కన ఎగిరేవాళ్లకి సింథటిక్ విజన్ కన్నా, త్రీడీ కొండల కన్నా ఈ ఒక్క సదుపాయమే ఎక్కువ పనికొస్తుందని నా అభిప్రాయం.

కానీ వెక్టర్ తెరల్లో ఏది దాచాలో, ఏది చూపాలో యంత్రం నిర్ణయిస్తుంది. జూమ్ వెనక్కి లాగితే కొన్ని హద్దులు మాయమవుతాయి. కాగితం చార్టు అలా ఏదీ దాచదు.

ప్యానెల్‌లో ఉన్నవి

అద్దె విమానాల్లో ఇప్పటికీ కనిపించేది 1998లో వచ్చిన గార్మిన్ జీఎన్ఎస్ 430. అరచేతిలో పట్టే తెర. బ్రావో వంపులు కనపడతాయి కానీ ఎత్తులు కనపడవు. తెలుసుకోవాలంటే బాణం గుర్తును గీత మీదికి జరిపి ఎంటర్ నొక్కాలి. గాలి కుదుపుల్లో, రేడియోలో మాట్లాడుతూ ఆ పని చేయమని ఎవరికీ చెప్పను. హద్దుల విషయంలో 430ను "ముందు ఏదో ఉంది" అని చెప్పే గంటగా వాడుకోవాలి, మ్యాప్‌గా కాదు.

సెస్నా 172లో 2005 ప్రాంతంనుంచి వస్తున్న గార్మిన్ జీ1000 సంగతి వేరు. మధ్యలో 10.4 అంగుళాల మ్యాప్ తెర. బ్రావోకి నీలం, చార్లీకి (క్లాస్ సి) మెజెంటా, డెల్టాకి (క్లాస్ డి) చుక్కగీత అన్న రంగుల అలవాటు చార్టుకు దగ్గరగానే ఉంటుంది. జాయ్‌స్టిక్‌తో గీత మీదికి వెళ్తే పేరు, కింది ఎత్తు, పై ఎత్తు చూపిస్తుంది. నియరెస్ట్ ఎయిర్‌స్పేస్ పేజీ తెరిస్తే ఏ హద్దులోకి ఎన్ని నిమిషాల్లో వెళ్తామో, ఎవరిని ఏ ఫ్రీక్వెన్సీలో పిలవాలో కూడా ఉంటుంది. ఈ పేజీని చాలామంది శిక్షణలో ఒక్కసారి చూసి మర్చిపోతారు. నిజానికి ఐప్యాడ్ తీయాల్సిన పని సగం తప్పించేది ఇదే.

జీ1000లో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. మొదటిది డీక్లటర్ బటన్. తెర గజిబిజిగా ఉందని ఒకసారి నొక్కితే నేలమీది వివరాలు పోతాయి. రెండోసారి నొక్కితే రెస్ట్రిక్టెడ్, ఎమ్‌ఓఏ లాంటి ప్రత్యేక ప్రాంతాలూ పోతాయి. మూడోసారికి మన దారి తప్ప ఏమీ మిగలదు. ముందు ఎగిరినవాళ్లు ఏ మెట్టు మీద వదిలేశారో మనకు తెలియదు కదా. రెండోది మ్యాప్ సెటప్. ఒక్కో రకం హద్దుకు విడిగా ఆన్, ఆఫ్, ఎంత జూమ్ వరకు కనపడాలి అన్న అమరిక ఉంటుంది. అద్దె విమానం స్టార్ట్ చేశాక చెక్‌లిస్ట్‌తోపాటు ఈ పేజీ కూడా ఒకసారి తిరగేయడం మంచిది. 2017లో వచ్చిన జీ1000 ఎన్‌ఎక్స్‌ఐలో సెక్షనల్ చార్టును కూడా తెరమీదికి తెచ్చుకోవచ్చు, అంటే రెండు జాతులూ ఒకేచోట.

పాత విమానాల్లోకి ఎక్కించే జీటీఎన్ 650, 750ల మ్యాప్ మెరుగే. 650 తెర 4.9 అంగుళాలు, 750ది 6.9. ఒక్క హద్దుల కోసమే అయితే 650లో మళ్లీ చిన్న తెర బాధే. బిగింపు కూలీతో కలిపి ఇవి పదివేల డాలర్లు దాటే వ్యవహారం. సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకి గార్మిన్ జీ3ఎక్స్ టచ్, డైనన్ స్కైవ్యూ ఉన్నాయి. రెంటిలోనూ పెద్ద తెర, మంచి మ్యాప్. వాటిలో ఏది అన్నది హద్దులు చూసి తేల్చే విషయం కాదు.

ఒళ్లోని ఐప్యాడ్

అమెరికాలో ఎక్కువమంది ఫోర్‌ఫ్లైట్‌కే అలవాటుపడ్డారు. గార్మిన్ పైలట్ దానికి దీటైనది. ఆపిల్ అక్కర్లేదనుకునేవాళ్లకి ఆండ్రాయిడ్‌లో అవేర్ ఉచితంగా దొరుకుతుంది. ఎఫ్‌ఎల్‌టీప్లాన్ గో కూడా ఉచితమే. ప్రభుత్వ చార్టులు డిజిటల్ రూపంలో ఉచితం కాబట్టే ఉచిత యాప్‌లోనూ అదే సెక్షనల్ కనపడుతుంది.

ట్యాబ్లెట్ ప్యానెల్‌ను కొట్టే చోటు ప్రొఫైల్ వ్యూ. దారి వెంట ఆకాశాన్ని నిలువునా కోసి చూపిస్తుంది. అడ్డంగా దూరం, నిలువుగా ఎత్తు, మధ్యలో షెల్ఫ్‌లు మెట్లు మెట్లుగా. మన ఎత్తు గీత ఏ మెట్టుకు తగులుతుందో, ఎక్కడ తగులుతుందో బయల్దేరకముందే తెలుస్తుంది. మెకిన్నీనుంచి పశ్చిమంగా డెంటన్ వైపు పోతూ ఎంత ఎత్తులో ఉండాలో తేల్చుకోవడానికి పైనుంచి చూసే మ్యాప్ ఎంతసేపు చూసినా ఒక్క ప్రొఫైల్ చూసినంత స్పష్టత రాదు. ఫోర్‌ఫ్లైట్‌లో ఇది చవక చందాలో ఉండదు, పై అంతస్తు చందా కావాలి. బ్రావో కింద ఎగిరేవాళ్లకి ఆ తేడా కట్టడం దండగ కాదు. ఊళ్లకు దూరంగా వెస్ట్ టెక్సాస్‌లో ఎగిరేవాళ్లకి మాత్రం దండగే.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో జీపీఎస్ ఉండదు. సెల్యులార్ ఉన్నదాంట్లో ఉంటుంది, సిమ్ వేయకపోయినా పనిచేస్తుంది. వైఫైది కొంటే బయటి జీపీఎస్ గానీ, సెంట్రీ, స్ట్రాటస్ లాంటి రిసీవర్ గానీ తోడు కావాలి.

ఇక ఎండ. ఆపిల్ తన ట్యాబ్లెట్‌కి చెప్పిన పరిమితి 35 డిగ్రీల సెల్సియస్. జూలైలో టెక్సాస్‌లో విమానాలు నిలిపే ర్యాంప్ మీద కాక్‌పిట్ లోపలి వేడి దాన్ని ఇట్టే దాటుతుంది. కాస్త ఎండ తగిలితే చాలు, "చల్లబడ్డాక వాడండి" అన్న సందేశంతో తెర ఆగిపోతుంది. అది సరిగ్గా షెల్ఫ్ అంచున జరిగితే చేతిలో ఉండేది నల్లటి పలక. మరో సంగతి, పోలరైజ్డ్ కళ్లద్దాలు పెట్టుకుంటే కొన్ని కోణాల్లో తెర పూర్తిగా చీకటవుతుంది. కళ్లద్దాలు కొనేముందు ట్యాబ్లెట్‌ను అడ్డంగా, నిలువుగా పట్టుకుని చూడండి.

రెండు తెరలు రెండు ఎత్తులు చెబితే

కొనుగోలు సలహాల్లో ఎవరూ చెప్పని తేడా ఇది, నా లెక్కలో అన్నిటికన్నా ముఖ్యమైనది. బ్రావో షెల్ఫ్ 3,000 అడుగుల్లో మొదలవుతుందంటే ఆ 3,000 ఆల్టిమీటర్ చూపే ఎత్తు. దానికి ఆధారం గాలి ఒత్తిడి. కంట్రోలర్ తెరమీదా ఒత్తిడి ఎత్తే వస్తుంది. ట్యాబ్లెట్ మామూలుగా చూపేది మాత్రం జీపీఎస్ ఎత్తు. ఈ రెండూ ఒకటి కావు.

డాలస్‌లో 38 డిగ్రీల మధ్యాహ్నం అనుకుందాం. ఆల్టిమీటర్ సరిగ్గా అమర్చుకుని 2,900 అడుగుల్లో ఎగురుతున్నారు. వేడి గాలి వ్యాకోచించి ఉంటుంది కాబట్టి అసలు ఎత్తు దానికన్నా సుమారు 200 అడుగులు ఎక్కువ. ఐప్యాడ్ 3,100 చూపిస్తుంది, బ్రావోలో ఉన్నారని ఎర్రబడుతుంది. మీరు మాత్రం నిబంధన ప్రకారం కిందే ఉన్నారు. ఇది విసుగు తప్ప ప్రమాదం కాదు. చలికాలంలో ఉత్తరపు గాలి దిగి గడ్డకట్టే చలి వచ్చిన ఉదయం సంగతి తిరగబడుతుంది. ఆల్టిమీటర్ 3,050 చూపిస్తున్నప్పుడు ఐప్యాడ్ 2,900 కన్నా తక్కువే చూపించవచ్చు. తెర ప్రశాంతంగా ఉంటుంది, మీరు అనుమతి లేకుండా బ్రావోలో ఉంటారు.

అందుకే ట్యాబ్లెట్‌ను గీత ఎక్కడుందో చూడటానికే నమ్ముతాను. ఎత్తుకు ఆల్టిమీటరే. జీ1000 లాంటి వాటిలో ఒత్తిడి కొలిచే కంప్యూటర్ ఆ వ్యవస్థలోనే భాగం కాబట్టి ఎత్తు టేపు, మ్యాప్ పక్కపక్కనే ఉంటాయి, కళ్లు ఒళ్లోకి దించాల్సిన పని లేదు. ప్యానెల్‌కు నేను వేసే పెద్ద మార్కు ఇదే.

హెచ్చరికలు: ఆపేయాలా, ఉంచాలా

గార్మిన్ ప్యానెళ్ల హెచ్చరికలు నాలుగు మెట్లు. ఇప్పుడున్న దిక్కులోనే పోతే 10 నిమిషాల్లో హద్దులోకి వెళ్తాం అన్నది మొదటిది. రెండు మైళ్ల దూరంలో ఉండి అటే పోతున్నాం అన్నది రెండోది. రెండు మైళ్ల లోపు ఉన్నా లోపలికి పోవడం లేదు అన్నది మూడోది. లోపల ఉన్నాం అన్నది చివరిది. 110 నాట్ల వేగంలో 10 నిమిషాలంటే 18 నాటికల్ మైళ్లు. రెండు మైళ్లు దాటడానికి నిమిషం కన్నా కాస్త ఎక్కువ.

డాలస్ లాంటి చోట ఇవి ఆగకుండా వస్తాయి. విసిగిపోయి పూర్తిగా ఆపేసేవాళ్లు చాలామంది, అప్పుడు ఆ పరికరానికున్న పెద్ద ఉపయోగం పోతుంది. ఆపేయడం కన్నా సెటప్‌లోని ఎత్తు బఫర్‌ను తగ్గించడం మంచిది. షెల్ఫ్ కింద ఎంత ఎడం ఉంటే యంత్రం నోరు మూసుకోవాలో మీరే చెప్పవచ్చు. ట్యాబ్లెట్ హెచ్చరికల్ని హెడ్‌సెట్‌కి బ్లూటూత్‌తో కలిపితే చెవికి వినపడతాయి. కలపకపోతే ఇంజిన్ హోరులో అవి లేనట్టే.

వాషింగ్టన్ చుట్టూ ఈ లెక్క మారుతుంది. వర్జీనియాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే లౌడన్ కౌంటీ దగ్గర లీస్‌బర్గ్, ఇంకాస్త దక్షిణాన మనాసస్ విమానాశ్రయాలు రెండూ రాజధాని చుట్టూ 30 మైళ్ల ప్రత్యేక నిబంధనల ప్రాంతంలో ఉన్నాయి. అది నేలనుంచే మొదలవుతుంది. షెల్ఫ్ కింద దూరిపోవడమన్న మాటే లేదు. అక్కడ ప్రొఫైల్ వ్యూ అంత పనికిరాదు. స్పష్టమైన గీత, ముందుగా మోగే హెచ్చరిక కావాలి. కాబట్టి డాలస్ మిత్రుడి సలహా విని వర్జీనియాలో కొనకండి.

రాత్రికి రాత్రి పుట్టే హద్దులు

తాత్కాలిక నిషేధాలు, టీఎఫ్‌ఆర్‌లు, ఏ డేటాబేస్‌లోనూ ఉండవు. అధ్యక్షుడు ఊరికి వస్తే 30 మైళ్ల వృత్తం. 30,000 సీట్లకు పైబడిన స్టేడియంలో పెద్ద మ్యాచ్ ఉంటే గంట ముందునుంచి గంట తర్వాత దాకా 3 మైళ్లు, 3,000 అడుగులు. ప్యానెల్‌లో ఇవి కనపడాలంటే ఏడీఎస్-బి ఇన్ (నేలమీది స్టేషన్లనుంచి సమాచారం అందుకునే రేడియో) లేదా ఉపగ్రహ చందా ఉండాలి. పాత 430 ఒంటరిగా ఉంటే ఏమీ తెలియదు. ఇంటర్నెట్ ఉన్న ట్యాబ్లెట్ బయల్దేరే ముందు తాజాగా తెస్తుంది, గాల్లో రిసీవర్ ఉంటే తెస్తూనే ఉంటుంది. ఈ పందెంలో ట్యాబ్లెట్‌దే గెలుపు. అయినా గాల్లో వచ్చే టీఎఫ్‌ఆర్ బొమ్మ సమాచారం కోసమే, పూర్తి కాకపోవచ్చు. నోటమ్, అంటే పైలట్లకిచ్చే అధికారిక నోటీసు, చదవాల్సిందే.

స్థిర హద్దుల డేటా కూడా పాతబడుతుంది. ప్యానెల్ డేటాబేస్ 28 రోజులకోసారి మారుతుంది, దానికి ఏటా డబ్బు కట్టాలి. సెక్షనల్ 56 రోజులకోసారి. అద్దె విమానాల్లో డేటాబేస్ గడువు దాటి ఉండటం మామూలే. స్టార్ట్ చేసినప్పుడు వచ్చే తేదీల పేజీని చదవకుండా ఓకే నొక్కేయకండి.

ఎవరికి ఏది

నేర్చుకుంటున్నవాళ్లు, అద్దె విమానాలు మార్చి మార్చి ఎగిరేవాళ్లు: సెల్యులార్ ఐప్యాడ్ మినీ, సెక్షనల్ పొర ఆన్ చేసిన ఏదో ఒక యాప్. మోకాలి మీద పట్టే సైజు అది. మొదటి కొన్ని నెలలు వెక్టర్ జోలికి పోకండి, చార్టు చదవడం కుదిరాక మారవచ్చు. స్కూల్లో జీ1000 ఉంటే నేలమీద కరెంటు పెట్టి దాని గుండీలు నేర్చుకోవడానికి ఒక గంట కేటాయించండి.

పాత సెస్నా, పైపర్ కొని విఎఫ్‌ఆర్ మాత్రమే ఎగిరేవాళ్లు: హద్దుల కోసం జీటీఎన్ పెట్టించకండి. గార్మిన్ ఏరా 760 లాంటి 7 అంగుళాల పోర్టబుల్‌ను యోక్ (చేత్తో పట్టే స్టీరింగ్) మీద బిగిస్తే సరిపోతుంది. 2020లో 1,599 డాలర్లకు వచ్చింది. విమానాల కోసమే చేసింది కాబట్టి ఎండను ఐప్యాడ్ కన్నా బాగా ఓర్చుకుంటుంది. ఐప్యాడ్‌ను వెనక తోడుగా ఉంచుకోండి. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ చేయబోతుంటే ఎలాగూ ప్యానెల్ జీపీఎస్ కావాలి. అప్పుడు జాగా ఉంటే 750 వైపే మొగ్గండి.

బ్రిటన్‌లో, యూరప్‌లో ఎగిరే మనవాళ్లకి స్కైడెమన్ చూడమంటాను. అది పూర్తిగా వెక్టర్. మన ఎత్తును బట్టి హద్దుల్ని వేరుచేయడంలో, నిలువు కోత చూపడంలో దానికి మంచి పేరుంది.

అమెరికాలో సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్స్) చేసి ఇండియాకి వచ్చి డీజీసీఏ లైసెన్స్‌కి మార్చుకునేవాళ్లు ఐప్యాడ్ మీద మరీ ఆధారపడకండి. మీకు అలవాటైన సెక్షనల్ పొర అమెరికా ప్రభుత్వానిది, దానితోనే ఆగిపోతుంది. ఏడీఎస్-బి మీద వచ్చే ఉచిత టీఎఫ్‌ఆర్, వాతావరణ సమాచారమూ అంతే. హైదరాబాద్‌లోనే చూడండి, బేగంపేట, హకీంపేట వైమానిక స్థావరం, దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీ, శంషాబాద్ అన్నీ ఒకదాని పక్కన ఒకటి. అక్కడ హద్దులు తెలిసేది ఏఐపీ (అధికారిక విమానయాన సమాచార గ్రంథం) చదివి, స్కూల్లో ఇన్‌స్ట్రక్టర్ దగ్గర స్థానిక పద్ధతులు రాసుకుని, ఏటీసీ చెప్పిన ఎత్తు, దిక్కు తప్పకుండా ఎగిరితేనే. యాప్ చందా డబ్బు ఆ మొదటి కొన్ని నెలలు దాచుకోవచ్చు.